యాభై రూపాయల జుర్మానా, నాలుగు కాళ్ల జిందగీ

2025 ఏప్రిల్ ఆఖరు, మే మొదలు. నెత్తి మాడే ఎండలు. ఆ ఎండలల్లనే హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను బండ్లకెక్కించి మధ్యప్రదేశ్‌ల జబల్పూర్ దిక్కు తోలిన్రు. కొన్ని దినాలల్లనే ఎనిమిది గుర్రాలు సచ్చిపోయినయ్. ఆ తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. రక్తం శాంపిళ్లు హర్యానాల హిసార్ గుర్రాల పరిశోధన కేంద్రానికి పోయినయ్, ముచ్చట మధ్యప్రదేశ్ హైకోర్టు దాక పోయింది. తప్పు ఎవరిదని తేల్చేది కోర్టు, నేను కాదు. గని ఆ వార్తలు సదువుకుంట పోతుంటే ఒకటి మాత్రం గట్టిగ అనిపిచ్చింది. "ఎందుకు సచ్చినయ్" అని అందరు అడిగిన్రు. "ఎట్ల పోయినయ్, తొవ్వల వాటి కాళ్లు ఎట్లున్నయ్" అని అడిగినోళ్లు తక్కువ.

జర లెక్క చేద్దాం. హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగ జబల్పూర్ అంటే సుమారు ఏడున్నర వందల కిలోమీటర్లకు పైననే. మన దేశంల 1978 నుంచి పశువుల రవాణా నిబంధనలు ఉన్నయ్. అండ్ల గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలకు ఒక అధ్యాయమే ఉన్నది. ఆ నిబంధనల ప్రకారం రోడ్డు మీద గుర్రాలను తీస్కపోయే బండి గంటకు 35 కిలోమీటర్ల కంటే జోరు పోవద్దు. ఒక్క బండిల నాలుగు నుంచి ఆరు గుర్రాలే ఉండాలె. అంటే 57 గుర్రాలకు తక్కువల తక్కువ పది బండ్లు కావాలె. ఎక్కడా ఆగకుంట పోయినా ఇరవై గంటలు దాటుతది. నీళ్లకు, మేతకు ఆపితే రెండు దినాల పని. ఇప్పుడు నువ్వే చెప్పు తమ్మీ, నాగపూర్ హైవే మీద 35ల పోయే డీసీఎంను నువ్వు ఎన్నడన్న చూసినవా?

అసలు 35 అని ఎందుకు రాసిన్రు? ఇది తెలువాలంటే గుర్రం కాలు సంగతి తెలువాలె.

ఒక పెద్ద గుర్రం నాలుగైదు వందల కిలోల బరువుంటది. ఆ బరువుల సగానికంటే ఎక్కువ, నూటికి అరవై పాళ్ల దాక, ముందటి రెండు కాళ్ల మీదనే పడుతది. ముందటి కాలుకు మోకాలి కిందికెళ్లి కండ ఉండది. ఎముక, తోలు, ఆ రెంటి నడుమ తాళ్ల లెక్క నరాలు, అంతే. నరాలని మనం అలవాటుగ అంటం గని, అవి పైనున్న కండను కిందున్న ఎముకకు కట్టిన తాళ్లు. కండ లేని చోట రక్తం పారుడు తక్కువ, దెబ్బ తగిలితే మానుడు ఆలస్యం. ఆ తాడు తెగితే గుర్రం మళ్ల మునుపటి లెక్క ఉరకది. ఎముక విరిగితే శానా సార్లు పాణం పోతది. ఎందుకంటే మనిషి లెక్క మంచంల పండుకోబెట్టి మూడు నెలలు కట్టు కట్టి ఉంచేతందుకు వీలు కాదు. అది నిలబడే జీవి. ఎక్కువగ నిలబడే నిద్ర పోతది.

ఇగ అసోంటి జీవిని లారీల ఎక్కిస్తే ఏమైతది? బస్సుల నిలబడి పోయే మనిషి రాడ్డు పట్టుకుంటడు. గుర్రానికి చెయ్యి లేదు. డ్రైవర్ బ్రేకు కొడితే ముందటికి పడుతది, గేరు మారిస్తే ఎనుకకు పోతది, మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతది. ప్రతిసారి కాళ్లు ఎడంగ పెట్టుకొని తనను తాను ఆపుకోవాలె. తొవ్వ పొడుగూత ఇదే పని. చూసేటోనికి గుర్రం ఊకెనే నిలబడ్డట్టు కొడుతది గని, అది గంటల తరబడి కసరత్తు చేస్తున్నట్టు లెక్క. అలసిపోయినంక ఒక డెక్క మీద ఇంకో డెక్క పడుతది. మడిమ పగులుతది, డెక్క మీది అంచు చిట్లుతది. కింద పేడ, మూత్రం కలిసిన ఇనుప రేకు ఉంటే జారి పడుతది. పడ్డ గుర్రం లేసేటందుకు కాళ్లు కొట్టుకుంటది, పక్కనున్న గుర్రం బెదిరి తన్నుతది. ఒక్క బ్రేకుతోని మూడు గుర్రాలు కుంటివైతయ్.

నిబంధనలు రాసినోళ్లకు ఇది తెలుసు. అందుకే మంచిగనే రాసిన్రు. మామూలు లారీ అయితే నేల మీద జారకుంట ఏదన్న పరవాలె. గుర్రానికి గుర్రానికి నడుమ 8 సెంటీమీటర్ల మందం తగ్గని వెదురు బొంగు కట్టాలె. ఎనుక పడిపోకుంట రెండు గట్టి దుంగలు అడ్డం పెట్టాలె. గుర్రం తల బండికి ఎడమ దిక్కు ఉండాలె, ఎందుకంటే మన రోడ్ల మీద ఎదురొచ్చే బండ్లు, దాటిపోయే బండ్లు కుడి దిక్కుంటయ్, వాటిని చూసి బెదరొద్దు. ఎక్కిచ్చేకాడ దించేకాడ ర్యాంపు ఉండాలె. ఎంబడి ఒక మనిషి ఉండాలె, మందుల పెట్టె ఉండాలె, పశువుల డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలె. కుంటుతున్న, జబ్బున్న, అలసిపోయిన జీవిని అసలు ఎక్కియ్యనేవద్దు. 2016 నుంచి మోటారు వాహనాల నిబంధనలల్ల ఇంకో ముచ్చట చేరింది: ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల జాగ, నడుమ పక్కా అడ్డుగోడలు. చిన్న ట్రాలీ ఆటోల రెండు గుర్రాలను కుక్కితే ఈ లెక్క యాడ కుదురుతది?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పుప్పాలగూడ, మణికొండ, నార్సింగి, కోకాపేట. ఒకప్పుడు ఎడ్లు, బర్లు తిరిగిన ఊర్లు. ఇయ్యాల నలభై అంతస్తుల మేడలు, ఐటీ ఆఫీసులు. కోకాపేటల 2023 ఆగస్టుల సర్కారు వేలంల ఎకరం వంద కోట్లు దాటింది. గిసోంటి చోట పశువు కనిపిచ్చుడే అరుదు. కనిపిచ్చేది పెండ్లిళ్ల సీజన్ల. బరాత్ గుర్రం. ఓఆర్ఆర్ పక్కపొంట, గండిపేట తొవ్వల ఫంక్షన్ హాళ్లు వరుసగ ఉన్నయ్. రాత్రి తొమ్మిదింటికి తెల్ల గుర్రం మీద పెండ్లికొడుకు, ముందట మర్ఫా, డీజే, పటాకులు. అందరు పెండ్లికొడుకును చూస్తరు. గుర్రం ఏ బండిల వచ్చింది, ఎట్ల దిగింది అని ఎవలు చూస్తరు?

నేను చూసిన. ఒక్కసారి కాదు, శానా సార్లు. ఫంక్షన్ హాల్ గేటు అవతల ట్రాలీ ఆగుతది. డాలా తీస్తరు. ర్యాంపు ఉండది. నేలకు మూడడుగుల ఎత్తు కెళ్లి గుర్రాన్ని కిందికి దుంకిపిస్తరు. తారు రోడ్డు మీద, నాడాలు కొట్టిన డెక్కలు టక్కున పడుతయ్. నాలుగైదు వందల కిలోల బరువు ఒక్క దెబ్బకు ఆ కండ లేని ముందటి కాళ్ల మీదికి వస్తది. గంట సేపు డీజే చప్పుడుల నిలబడి, మళ్ల అదే బండిల ఎక్కుతది, ఇంకో ఫంక్షన్ హాల్‌కు పోతది. ముహూర్తాలున్న రాత్రి ఒక్క గుర్రం రెండు మూడు బరాత్‌లు చేస్తది.

ఈడ కోపం ఎవరి మీద పెట్టాలన్నదే అసలు ముచ్చట. గుర్రాన్ని పట్టుకొచ్చే పోరడు మన అసోంటోడే. సాయీసు పని తాతల నాటి పని, పూట గడిచే పని. బండి కిరాయి, దాణా, నాల్‌బంద్ పైసలు పోను వానికి మిగిలేది తక్కువ. పదిహేను వందలకు దొరికే బండి ఇడిసిపెట్టి మూడింతల కిరాయికి మంచి బండి మాట్లాడమంటే వాడు యాడికెళ్లి తెస్తడు? లక్షల రూపాయలు పూల డెకరేషన్‌కు పెట్టే ఇంట్ల గుర్రం కాడ మాత్రం బేరం ఆడుతరు. మధ్యల ఈవెంట్ మేనేజర్ తన వాటా తీసుకుంటడు. పోలీసోళ్లు ఆపితే కేసు పడేది డ్రైవర్ మీద, సాయీసు మీద. సంతకం పెట్టినోడు, పైసలు మిగిలిచ్చుకున్నోడు లోపల బిర్యానీ తింటుంటడు.

ఇంకో దిక్కు చూడుండ్రి. ఇదే హైదరాబాద్‌ల మలక్‌పేటల గుర్రప్పందేలు నడుస్తున్నయ్. పందెం గుర్రాన్ని బెంగళూరుకో పుణెకో తీస్కపోవాలంటే గుర్రాల కోసమే తయారు చేసిన బండి వస్తది. పక్కలకు మెత్తలు, కింద రబ్బరు పరుపు, ఎంబడి మనిషి, కాళ్లకు దూది పట్టీలు. అంటే ఎట్ల తీస్కపోవాలనో మనకు తెలువక కాదు. ఇల్మ్ ఉన్నది, సామాను ఉన్నది. గుర్రం ధర బట్టి ఆ ఇల్మ్ బయటికి వస్తది. గెలిచే గుర్రం కాళ్లకు దూది, బరాత్ గుర్రం కాళ్లకు ఇనుప రేకు. మరి అదే పందెం గుర్రం గెలుసుడు బందైననాడు? అది కూడ ధర పడిపోయిన సరుకే అయితది. జబల్పూర్ ముచ్చటల నాకు భయం పెట్టింది ఇదే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని మన పెద్దలు ఊకెనే అనలేదు. సంపాదన ఆగినా కడుపు ఆగది, ఆ కర్సు భరించుడు ఇష్టం లేనోడు దాన్ని ఏదో ఒక బండికి ఎక్కిచ్చి కంటికి కనపడకుంట చేస్తడు.

మరి సట్టం ఏం చేస్తది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జీవాన్ని గోస పెట్టుకుంట తీస్కపోతే మొదటిసారి జుర్మానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మూడేండ్లలోపు మళ్ల చేస్తే ఇరవై ఐదు నుంచి వంద, లేకుంటే మూడు నెలల దాక జైలు. 1960ల యాభై రూపాయలు అంటే ఎంతో కొంత విలువ. ఇయ్యాల ఎకరం వంద కోట్లు పలికే నేల మీద నాలుగు కాళ్లు కుంటిజేసినోనికి ఫంక్షన్ హాల్ పార్కింగ్ చిట్టీ అంత జుర్మానా. కొత్త భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్‌ల జీవాన్ని సంపినా, అవిటిదాన్ని జేసినా అయిదేండ్ల దాక జైలు అని ఉన్నది. గని కావాలని చేసిండో, నష్టమైతదని తెలిసే చేసిండో రుజువు కావాలె. బ్రేకు కొడితే జారిందంటే ఎవలు రుజువు చేస్తరు?

కాబట్టి జుర్మానా పెంచాలె, నిజమే. గని అది ఒక్కటే పెంచితే ఆ బరువు మళ్ల డ్రైవర్ నెత్తి మీదనే పడుతది. బాధ్యత పైకి పోవాలె. గుర్రాన్ని బుక్ చేసినోడు, ఈవెంట్ పట్టినోడు, ఫంక్షన్ హాల్ యజమాని, ముగ్గురి మీద. హాల్ లైసెన్స్ ఇచ్చేకాడనే "జీవాలు దిగేతందుకు ర్యాంపు" అని ఒక షరతు పెడితే అయిపాయె. దానికి కోట్లు కావు, రెండు ట్రాక్టర్ల మొరం చాలు. మన ఊర్లల్ల ఎడ్లను లారీ ఎక్కియ్యాలంటే మట్టి దిబ్బకు బండి ఆనిచ్చి ఎక్కిస్తరు. సదువు లేని రైతుకున్న ఆ తెలివి గ్లాసు అద్దాల ఊరికి లేకపాయెనా? ఓఆర్ఆర్ మీద ప్రతి బండిని కెమెరాలు చూస్తయ్. అసోంటి చోట గుర్రాల బండికి సర్టిఫికెట్ ఉన్నదా లేదా అని ఒక్క టోల్ గేటు కాడ అడిగినా సగం దారికొస్తది.

ఇగ ట్రాలీ నడిపే తమ్ముళ్లకు, గుర్రాలకాడ పని చేసే పోరలకు నాలుగు పనికొచ్చే మాటలు.

కాలికి పట్టీ కట్టుడు మంచిదే, గని తెలిసినోడే కట్టాలె. ముందుగాల మందంగ దూది పరుపు, దాని మీద పట్టీ. మోకాలి కిందికెళ్లి డెక్క అంచు, మడిమ దాక కప్పాలె. ఒత్తిడి అంతట ఒక్క తీరుగ ఉండాలె, ముడుత పడొద్దు. ముడి ఎనుక నరం మీద రావొద్దు. సుతిలి తాడుతోని బిగిస్తే రక్షణ కాదు, ఆ పట్టీయే నరాన్ని కోస్తది. ఎండల పట్టీ కింద కాలు ఉడుకుతది, అందుకే కొన్ని గంటలకోసారి ఆపి చూడాలె, దిగంగనే ఇప్పాలె. ఎన్నడు పట్టీ కట్టని గుర్రానికి ప్రయాణం నాడే కడితే బెదిరి తన్నుతది, రెండు మూడు దినాల ముందట అలవాటు చెయ్యాలె.

కట్టుడు రాకుంటే కట్టకు. పట్టీ కంటే కాలు కింద నేల ముఖ్యం. రబ్బరు చాప, దాని మీద వరిగడ్డి మందంగ పరువు. నడుమ బొంగులు కట్టు, గని కాళ్లు ఎడం పెట్టుకునేంత జాగ ఇడువు. తలను మరీ పొట్టిగ, ఎత్తుగ కట్టకు. తల దించలేని గుర్రానికి దుమ్ము ఊపిరితిత్తులకు ఎక్కి జబ్బు చేస్తది. సల్లపూట బయలెల్లు. బ్రేకు మెల్లగ, మలుపు ఇంకా మెల్లగ. దూరం పోతే ప్రతి మూడు నాలుగు గంటలకు ఆపి నీళ్లు తాగిపియ్యి. దిగినంక జర నడిపిచ్చి చూడు. కాలుకు చెయ్యి పెడితే వేడిగ తగిలినా, వాచినా డాక్టర్‌కు చూపియ్యి, ఆ రాత్రి బరాత్‌కు పంపకు.

ఇవన్నీ గుర్రానికే కాదు. సంతకు పోయే ఎడ్లకు, మేకలకు, గొర్లకు కూడ ఇదే బుద్ధి. వాటికి కూడ అదే నిబంధనలల్ల వేరే అధ్యాయాలు ఉన్నయ్, అవి కూడ గట్లనే మూలకు పడ్డయ్.

మీ ఇంట్ల పెండ్లి కుదిరినప్పుడు గుర్రం మాట్లాడేతందుకు పొయ్యేది మీరే, ఎందుకంటే ఫోన్ పట్టుకొని అన్ని బుక్ చేసేది మన ఇండ్లల్ల పోరలే. ఎన్ని వేలు అని అడిగేముందు ఏ బండిల తెస్తవన్నా, ర్యాంపు ఉన్నదా, ఆ రాత్రి ఇది ఎన్నో బరాత్ అని అడుగుండ్రి. మంచి బండికి ఇంకో రెండు వేలు అయితదంటే, పటాకుల కెళ్లి తగ్గిచ్చి ఆయనకు ఇయ్యుండ్రి. అసలు గుర్రం లేకున్నా పెండ్లి ఆగది, అదీ ఆలోచించుండ్రి.