కొండ మీది సేద్యం

తుంగభద్రా తీరంలో, హంపీకి సమీపాన నింబాపురం దగ్గర ఒక బూడిద దిబ్బ ఉన్నది. అది వాలిని దహనం చేసిన చోటని స్థానికుల నమ్మకం. పురావస్తు శాస్త్రం చెప్పే కథ వేరు. 1957లో ఆల్చిన్ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఇటువంటి దిబ్బనే త్రవ్వించగా, పశువుల గిట్టల గుర్తులు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల ఆనవాళ్ళు బయటపడ్డాయి. పేడకుప్పలను తగులబెట్టగా మిగిలినదే ఆ బూడిద. సుమారు క్రీ.పూ. 3000 నుండి 1200 వరకు దక్కనులో జీవించిన నవీన శిలాయుగ జనులు మిగిల్చిన గుర్తు అది.

వారు పశుపోషకులే కాదు, కర్షకులు కూడా. బళ్ళారి ప్రాంతంలోని సంగనకల్లు, తెక్కలకోట వంటి చోట్ల రాతికొండల మీద నివాసాలు ఏర్పరచుకొని అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించారు. ఈ పంటల ఎంపికలోనే నాటి వాతావరణ చరిత్ర దాగి ఉన్నది. వేల ఏళ్ళ క్రితం బలంగా వీచిన నైరుతి ఋతుపవనం క్రమంగా సన్నగిల్లింది. సుమారు 4200 ఏళ్ళ నాడు పలు దేశాలను అనావృష్టి పీడించింది. అందుకు మేఘాలయలోని ఒక గుహలో పేరుకొన్న సున్నపురాతి పొరలు సాక్ష్యమిచ్చాయి. కనుకనే ఆనాటి నుండి నేటి వరకు గల కాలానికి 2018లో భూవిజ్ఞానులు ‘మేఘాలయ యుగం’ అని నామకరణం చేశారు. తక్కువ తడితో చేతికి వచ్చే పంటలే అటువంటి కాలంలో మనిషిని నిలబెట్టాయి.

క్రీ.పూ. 1200 నాటికి కొండ ఊళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి. వానలు తగ్గడమే అందుకు కారణమని కొందరంటారు. అది సగం సత్యమే అని నా అభిప్రాయం. ఆ మహా అనావృష్టి తరువాత కూడా దాదాపు వెయ్యేళ్ళు ఈ జీవనం కొనసాగింది కదా! వాన ఒక్కటే కారణమైతే అన్నాళ్ళు ఎలా నిలిచింది? ఇనుము వాడుకలోకి రావడం, సమాజం మారడం, మైదానాలు ఆకర్షించడం వంటి కారణాలను కూడా తూకం వేయాలి. మన పూర్వులు ఈతిబాధలు ఆరు అన్నారు. అనావృష్టి వాటిలో ఒకటి మాత్రమే. ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. కష్టానికి ఒకే కారణం చెప్పి ఊరుకోరాదన్న వివేకం అందులో ఉన్నది.

నాటి మార్పు ప్రకృతి సహజం, నిదానం. నేటిది మన పొగల ఫలితం, వేగం ఎక్కువ. ఆనాడు ఆదుకొన్న కొర్ర జాతి ధాన్యాలను, ఉలవలను విడిచి అనంతపురం సీమ దశాబ్దాల పాటు వేరుసెనగనే నమ్ముకొన్నది. వాన తప్పిన ఏడు రైతుకు మరో దారి లేకపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది గాని, ఒక్క ఏటి ఉత్సవంతో పొలం మారదు.

విద్యార్థులారా! వాన మన చేతిలో లేదు. ఏ విత్తనం చల్లాలన్నది మాత్రం మన చేతిలోనే ఉన్నది. రాతి గొడ్డలి పట్టిన ఆ కర్షకునికి తెలిసిన ఈ సంగతిని, చదువుకొన్న మనం మరువరాదు.