మస్తానమ్మ గొంతు మిగిలింది

ఈ వారం కబుర్లు మార్కమ్ నుంచి. కెనడాలో టొరంటోకు ఉత్తరాన ఆనుకుని ఉన్న ఊరు ఇది. 2021 లెక్కల్లో జనం సుమారు 3,38,000. మనవాళ్లూ ఉన్నారు. నలుగురు తెలుగువాళ్లు కూర్చుంటే ఊళ్లోని ముసలమ్మల మాట రాకుండా ఉండదు. ఆ మాట వస్తే ఎవరో ఒకరు మస్తానమ్మ పేరెత్తుతారు.

మీలో చాలామంది ఆమెను ఫోనులో చూసే ఉంటారు. ఊరు గుంటూరు జిల్లా గుడివాడ. కృష్ణా జిల్లాలో ఉన్న పెద్ద గుడివాడ కాదు సుమా. ఆరుబయట కట్టెల పొయ్యి, పక్కన గొంతుక్కూర్చుని ఒక బోసినోటి అవ్వ. అల్లం తొక్కు చాకుతో కాదు, గోళ్లతోనే గీరేసేది. 2016లో మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి ఆమె వంటను యూట్యూబ్‌లో పెట్టారు. కంట్రీ ఫుడ్స్ అని ఛానల్ పేరు. పుచ్చకాయ డొల్లలో చికెన్ వండి దేశదేశాల వాళ్లను ముక్కు మీద వేలేసుకునేలా చేసింది. ఆమె పోయేనాటికి ఆ ఛానల్ చందాదారులు పది లక్షలు దాటారు.

జనం వంట కోసమే చూశారంటే నేను నమ్మను. ఆ అవ్వ దగ్గర కూర్చోవాలనిపించేది. మనవళ్లను ఆట పట్టించేది, చెయ్యి అడ్డం పెడితే కసిరేది, పకపకా నవ్వేది. అంత నవ్వు సుఖంగా బతికితే వచ్చింది కాదు. పదకొండేళ్లకు పెళ్లి. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. చేతిలో ఐదుగురు పిల్లలు. కూలికి పోయి సాకింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని సైటుకెళ్లే మనకు ఆ బతుకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

2018 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. పుట్టిన తేదీ కాగితం లేదు. 107 ఏళ్లని ఇంటివాళ్ల లెక్క. బీబీసీ దాకా ఆ వార్త వెళ్లింది.

ఇక మన ఇళ్ల సంగతి. డిసెంబరులో మార్కమ్ గడియారం మన ఊరి కన్నా పదిన్నర గంటలు వెనక. ఊళ్లో తెల్లవారుజామున ఆరింటికి అవ్వ పోతే ఇక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. సౌదీలో, కువైట్‌లో, ఖతర్‌లో మూడున్నర. డ్యూటీ బస్సు రాకముందే ఫోను మోగుతుంది. దుబాయి నుంచి హైదరాబాదుకు విమానంలో నాలుగు గంటల లోపే. టొరంటో నుంచి దాదాపు ఒక రోజు పడుతుంది. అయినా కడసారి చూపుకు ఇక్కడివాళ్లే ముందు చేరతారేమో. మనకు సెలవు కాగితం మీద సంతకం కావాలి, పాస్‌పోర్టు ఆఫీసులో ఉంటుంది, టికెట్టుకు అప్పు పుట్టాలి. దగ్గరున్నవాడే దూరమైపోతాడు. దీన్ని న్యాయం అనడానికి నాకు నోరు రాదు.

వెళ్లలేకపోవడం ఒక బాధ. ఆమె మాట తీరు కొన్నేళ్లకు చెవిలోంచి జారిపోవడం ఇంకో బాధ. మస్తానమ్మ ఇంటివాళ్లకు ఆ రెండోది తప్పింది. ఇప్పటికీ ఫోను తెరిస్తే ఆమె కసురుతుంది, నవ్వుతుంది. వెనకటి రోజుల్లో గల్ఫ్‌కు వచ్చినవాళ్లు క్యాసెట్‌లో మాటలు నింపి ఊరికి వెళ్లేవాడి చేతికిచ్చి పంపేవారు. ఊరి నుంచీ అలాగే వచ్చేవి. అవ్వ మాట మధ్యలో కోడి కూత, చంటిదాని ఏడుపు కూడా దొర్లేవి. ఇప్పుడు అంత కష్టం లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు ఆంక్షలున్నా, వాయిస్ మెసేజ్ వెళ్తుంది. ఇంటి దగ్గర చిన్న పిల్లవాడెవడైనా ఆమె పక్కన ఫోను పట్టుకుంటే చాలు.

అయితే "ఏదైనా మాట్లాడవే" అంటే ఏ అవ్వా మాట్లాడదు. "నాకేం తెలుసురా" అంటుంది. "పచ్చిపులుసు ఎట్ల చేస్తవే?" అని అడగండి. చింతపండు నానెయ్యడం దగ్గర మొదలై, తన పెళ్లినాటి వానలో పందిరి కూలిన సంగతి దాకా పోతుంది. ఆపకండి, పోనివ్వండి.

మీ అవ్వ కూర ఒకటి, ఆమె చెప్పిన మాటల్లోనే రాసి పంపండి. ఒక్కొక్కటిగా ఇదే పేజీలో వేద్దాం. వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం.