అద్దాల బీరువాకు నా పెన్ను ఇవ్వను

మా పేట తెలుగు సంఘంవారు ఉగాదికి ఒక అద్దాల బీరువా పెడుతున్నారు. పెద్దలు కానుకగా ఇచ్చిన పాత పెన్నులుంటే తెచ్చి ఇమ్మని, పేరు రాసిన చీటీతో సహా అందులో ఉంచుతామని ఇంటింటికీ కబురు చేశారు. నా దగ్గర ఒకటుంది. ఇవ్వనన్నాను. "బ్యాంకువాళ్ళకు సెంటిమెంటు ఎక్కడిదండీ, అన్నీ అంకెలే" అన్నారొక పెద్దమనిషి. నలుగురిలో ఎందుకని ఊరుకున్నాను. ఇక్కడ చెబుతాను.

నాది రాజమండ్రి పెన్ను. 1932లో కె.వి. రత్నంగారు స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టిన ఊరది. ఆయన పెన్ను అందుకుని గాంధీగారు 1935లో జాబు రాశారు. 1991లో గోదావరి పుష్కరాలకు వెళ్ళిన మా తాతగారు, నేను బి.కాం. పాసయ్యానని నల్లటి ఎబొనైటు పెన్నొకటి బరంపురం తెచ్చారు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు తెలుగు బడిలో చదువుకున్న మనిషాయన. 1936లో జిల్లా ఒరిస్సాకు వెళ్ళింది. కచేరీ కాగితం మారితే మారింది గాని ఇంటి ఉత్తరం మారకూడదని ఆయన పట్టు. పెన్ను చేతిలో పెట్టి, "ఉద్యోగం ఎక్కడొచ్చినా నెలకో కార్డు తెలుగులో రాయరా" అన్నారు.

నాలుగు రాశాను. ఆ తరవాత మా శాఖ ఎదురుగా ఎస్టీడీ బూతు వచ్చింది.

1998లో తాతగారు పోయారు. ఆనాటి నుంచి పెన్ను మా ఇంట్లో దేవుడైపోయింది. మఖమలు పెట్టె, బీరువా పై అర, దసరాకు కుంకుమ బొట్టు. రాయడం మాత్రం లేదు. అయ్యా, దీన్నా మీరు సెంటిమెంటు అంటున్నది? ఆయన అడిగింది బొట్టు కాదు, ఉత్తరం. బాకీ తీర్చకుండా బాండు పేపరుకు పూజ చేసే అప్పులవాణ్ణి చూశారా? నేనే.

రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను మేము పనిచేయని ఖాతా అంటాం. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము, 2014 నుంచి, రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అయినా హక్కుదారు వచ్చి అడిగితే తిరిగి ఇస్తాం. పెన్నుకు ఆ సౌకర్యం లేదు. నిరుడు నాది తెరిచి చూస్తే, సిరా ఎండి పాళీ కింద రాయిలా బిగిసింది. మూడు రాత్రులు చన్నీళ్ళలో నానబెట్టాను. వేడినీళ్ళు పోస్తే ఎబొనైటు రంగు చెడుతుంది. ఎండ తగిలినా అంతే, నలుపు పోయి గోధుమరంగు వస్తుంది. మీరు బీరువా పెడతానన్నది పడమటి కిటికీ పక్కన!

వాడితే పోతుంది కదా అంటారు. పోవచ్చు. కౌంటరు మీద పెన్నుకు దారం కట్టి ఉంచే శాఖల్లో ముప్పై ఏళ్ళు చేశాను, పెన్నులెలా పోతాయో నాకొకరు చెప్పనక్కర్లేదు. సిరా అడుగంటినప్పుడు చేతి వేడికి బొట్టు కారి చొక్కా పాడవడమూ ఉంది. ఆ మాత్రం నష్టం భరించలేనివారు కానుక పుచ్చుకోకూడదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నానబెట్టిన పెన్ను మా అమ్మాయి చూసి, "నాకివ్వు నాన్నా" అంది. "పాడుచేస్తావమ్మా" అన్నాను. "దీంతో తెలుగు రాయాలా? నాకు రాదుగా" అంది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల, ఒడియా, ఇంగ్లీషు ముత్యాల్లా రాస్తుంది. ఆ పెట్టె మీద ఇరవై ఏళ్ళకు పైగా తాళం వేసింది నేను. దానికి అక్షరాలు దిద్దించే తీరిక లేదన్నదీ నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆదివారాలు కూర్చుంటున్నాం. 'ఱ' ఎందుకని పోట్లాడుతుంది, 'క్ష' దగ్గర సిరా మరక చేస్తుంది. కిందటి నెల మా చెల్లెలికి కార్డు రాసింది, అందులో తప్పులు పదకొండు. చెల్లెలు ఫోను చేసి ఏడ్చింది.

ఉగాదికి తప్పక వస్తాను. పెన్ను మా అమ్మాయి జేబులో ఉంటుంది. చూడాలనుకున్నవారు అడగండి, మూత తీసి ఇస్తుంది. కాగితం మాత్రం మీరే తెచ్చుకోవాలి.