అద్దాల బీరువాలో వీణ

నేటి విద్యార్థిని "నీ వ్యాపకమేమి?" అని ప్రశ్నించినచో "సంగీతం" అని వెంటనే బదులు చెప్పును. "నీవు వాయించు వాద్యమేది?" అని అడిగినచో మౌనం వహించును. సంగీతమనగా వినుటయేననియు, అది సెల్‌ఫోనులో కావలసినంత దొరకుచున్నదనియు మనకు ఒక నమ్మకం ఏర్పడినది. వినుట మంచిదే. కాని ఏదో ఒక వాద్యాన్ని కొంతకాలం అభ్యసించినవాని చెవి వేరు. పాటలోని మాటలనే కాక శ్రుతిని, లయను, వాటి వెనుకనున్న శ్రమను కూడ ఆ చెవి గ్రహించగలదు.

ఈ విషయంలో మన ఉత్తరాంధ్ర పేదది కాదు. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేయు సర్వసిద్ధి వంశీయులున్నారు. 24 మెట్లు, 7 తంత్రులు గల ఆ వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించినది. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. 1936లో ఆ పదవి చేపట్టిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పరదేశపు వాద్యమైన వయొలిన్‌ను తెలుగువారి ఇంటి వాద్యంగా చేసినారు. పల్లెలలో తప్పెటగుళ్ళు, జముకు నేటికీ వినవచ్చుచున్నవి.

అయితే ఈ సంపద నిలుచుట ఎట్లు? గొల్లపల్లిలో కచేరీ వీణలతోపాటు బల్లపై అలంకారంగా ఉంచుకొను చిన్న వీణలు కూడ తయారగుచున్నవి. సభలలో వానిని బహూకరించుట మనకొక ఆచారమైనది. పనివానికి అవి నాలుగు మెతుకులు పెట్టుచున్నవి కనుక అందులో దోషం లేదు. కాని కొనువారందరు అలంకారానికే కొన్నచో, స్వరం పలికించు వీణను మలచు నేర్పు ఒకటి రెండు తరాలలో జారిపోవచ్చును. మన పొరుగున ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారిని అడిగినను ఇదే చెప్పుదురు: కొనువాని కోరికను బట్టియే పనివాని చేయి నడచును.

బిరుదులు మాత్రమే కళను కాపాడలేవు. ఎండిన సొరకాయ బుర్రలతో చేసిన పన్నెండుమెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన కూలిపనికి పోవుచున్నారని వార్తలు వచ్చినవి. ఆయన వద్ద నెలకింత రుసుము చెల్లించి కిన్నెర నేర్చుకొను శిష్యులు పదిమంది ఉండియున్నచో ఆ వార్త వచ్చియుండెడిది కాదేమో! వినోదంగా నేర్చుకొనువారు వృత్తికళాకారుల నోటి కూడు తీయుదురని కొందరి భయం. నేర్చుకొన్నవాడు పెండ్లి పందిళ్ళలో పోటీకి పోనంతవరకు ఆ భయం నిరాధారం. అతడు గురువుకు జీతమిచ్చును, వాద్యాన్ని కొనును, కచేరీలో ముందు వరుసన కూర్చుండును.

మన కళాశాలలో ఈ మాట ఎత్తినచో రెండు అభ్యంతరాలు ఎదురగును. మొదటిది ధర్మసంబంధమైనది. సంగీత విషయమై మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నవి. ఆ వివాదాన్ని తీర్చుట తెలుగు ఉపన్యాసకుని పని కాదు. ఇష్టం లేని విద్యార్థిని ఎవరూ నిర్బంధింపరాదు. కాని మన చరిత్రను మనం మరువరాదు గదా! ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు నాదస్వరంలో తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీని, 1998లో సంగీత కళానిధి బిరుదును పొందినారు. బుర్రకథ తంబురాను దేశమంతటికీ వినిపించిన షేక్ నాజరుగారు 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో నాదస్వరానికే ఆ గౌరవం దక్కినది. కాలీషాబీగారి పేరు మన విద్యార్థినులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగినది.

రెండవ అభ్యంతరం ఎవరూ పైకి చెప్పరు. డప్పు ఒకరిది, తప్పెట వేరొకరిది, వీణ మరొకరిది అను కులభావన అది. చదువుకొన్న యువకుడు డప్పు చేతబట్టుటకు సిగ్గుపడుచున్నాడు. డప్పు వాయించువారి బిడ్డలే ఆ సిగ్గుతో దానిని విడిచిపెట్టుచుండగా, తక్కినవారు దానిని ముట్టకున్నచో ఆ విద్య ఎవరి చేతిలో మిగులును? అన్ని మతాల, అన్ని కులాల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండు కళాశాలలోనే ఈ సిగ్గు పోవలెను.

కావున కార్యవర్గంవారికి నా విన్నపం స్వల్పమైనది. వారానికొక సాయంకాలం ఒక గంట కేటాయించండి. ఒక డప్పును, ఒక దఫ్‌ను, వీలైనచో ఒక బొబ్బిలి వీణను కొనండి. సమీప గ్రామాల నుండి ఒక కళాకారుని గురువుగా పిలిచి, శాలువతో సరిపెట్టక నెలజీతం ఇవ్వండి. పాల్గొనుట విద్యార్థుల ఇష్టానికి వదలండి. తలిదండ్రుల అభిప్రాయాన్ని కూడ గౌరవించండి.

విద్యార్థి మిత్రులారా! మీరందరు విద్వాంసులు కానక్కరలేదు. మొదటి మూడు నెలలు అపస్వరాలే వచ్చును, ఇంటివారు విసుగుకొందురు. ఓర్చుకొనండి. ఆ వీణ తంతులు మీ వ్రేళ్ళ రాపిడికి అరిగిపోయినచో కొత్తవి వేయించవచ్చును. బీరువాలో పెట్టి తాళం వేసినచో, దానిని వాయించువారు గాని బాగుచేయువారు గాని ఎక్కడ ఉన్నారని కొంతకాలానికి వెదకుకొనవలసి వచ్చును.