నెట్ పోతే ల్యాబ్‌కు తాళమెందుకు?

నేను సర్కారు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నెట్ పోతే చాలు, ల్యాబ్‌కు తాళం వేసేయమంటారు. ఎందుకండీ? గదిలోని కంప్యూటర్లను కలిపే ల్యాన్‌కు బయటి లైనుతో పనేమిటి? ఓ స్విచ్, కొన్ని కేబుళ్లు చాలు. రాగి కేబుల్ ఏదీ 100 మీటర్లు దాటకూడదు, అంతే. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో మెట్‌కాఫ్ అనే ఇంజనీరు, ల్యాన్‌లకు వాడే ఈథర్‌నెట్‌ను తలపెట్టింది ఒకే భవనంలోని యంత్రాలను కలపడానికే. ఊళ్లనూ దేశాలనూ కలిపే వ్యాన్ సంగతి వేరు. ఎక్కడో రోడ్డు తవ్వితే తెగుతుంది, బాగుచేయడం మన చేతిలో ఉండదు. కాబట్టి కనెక్షన్ల వేగం పెంచేముందు ప్రతి బడిలో ఓ సర్వర్ పెట్టండి. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగు వికీపీడియాను అందులో దాచుకుంటే, నెట్ లేకున్నా ల్యాన్‌లోనే చదువుకోవచ్చు. దానికి నెలనెలా నెట్ బిల్లు రాదు. మూలన పడేసిన పాత కంప్యూటరైనా సరిపోతుంది.