ముద్ద దిగనప్పుడు పక్కనెవరు?

ఇంట్లో ఒక మనిషికి అన్నం సరిగా దిగడం లేదన్న సంగతి అందరికంటే ముందు ఎవరు కనిపెడతారు? వడ్డించే మనిషే. రొట్టె పక్కకు నెట్టి అన్నం పెట్టమన్నప్పుడు, ఆ అన్నంలోనూ కూర మానేసి మజ్జిగ ఎక్కువ పోయించుకున్నప్పుడు, ముద్దముద్దకీ నీళ్ళ గ్లాసు ఎత్తుతున్నప్పుడు ఆవిడ చూస్తూనే ఉంటుంది. జబ్బు మనిషి "ఏం లేదులే" అంటాడు. ఆవిడకి మాత్రం ఏదో ఉందని తెలుసు.

మా పెద్దమ్మ అట్లాగే చూసింది. 2011లో, గురజాల దగ్గర పల్లెలో. పెదనాన్న పత్తీ మిరపా వేసే రైతు. చేతిలో చుట్ట ఆరేది కాదు, సాయంత్రమైతే కాస్త మందు కూడా. గొంతులో అడ్డం పడుతోందంటే ఊళ్ళో మందులిచ్చే ఆయన గ్యాసు అన్నాడు. గ్యాసు బిళ్ళలతో మూడు నెలలు గడిచిపోయాయి. గుంటూరులో ఎండోస్కోపీ చేసేనాటికి పెదనాన్న జావ తప్ప ఇంకేమీ మింగలేని స్థితికొచ్చాడు. అన్నవాహిక క్యాన్సరన్నారు.

గొంతు నుంచి కడుపు దాకా దాదాపు పాతిక సెంటీమీటర్ల పొడవున్న గొట్టం అన్నవాహిక. అది సాగే గుణం ఉన్నది. అందుకని లోపల గడ్డ పెరుగుతున్నా చాలాకాలం సర్దుకుపోతుంది, మన ఆడవాళ్ళ లాగే. దారి బాగా ఇరుకైపోయాక గానీ ముద్ద అడ్డం పడదు. మొదట గట్టి పదార్థం, తర్వాత మెత్తటిది, చివరికి మంచినీళ్ళు. ఈ వరస ఇంట్లో ఎవరిలోనైనా కనబడితే, మనిషి తగ్గిపోతూ ఉంటే, ఇంకో గ్యాసు బిళ్ళతో సరిపెట్టుకోకండి. ఎండోస్కోపీ చేయించమని పట్టుబట్టండి.

మన ప్రాంతంలో ఏ గొంతు జబ్బొచ్చినా నింద గుంటూరు కారం మీద పడుతుంది. అసలు దోషులు వేరే ఉన్నారు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా. వాటికి తోడు మందు. పొగా మందూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు వాళ్ళ బాధ కూలి డబ్బులు, తన్నులు, పిల్లల ఆకలి. ఆ సారా గొంతులో కూడా ఏం చేస్తుందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఇంకాస్త గట్టిగా అరిచేవారేమో. పొగలు కక్కే టీని ఊదకుండా తాగే అలవాటు కూడా మంచిది కాదు. అరవై అయిదు డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు బహుశా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2016లో ప్రకటించింది.

చుట్ట ముట్టని, చుక్క తాగని ఆడవాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుంది. ఏళ్ళ తరబడి ఇనుము తక్కువై రక్తహీనత ముదిరితే, కొందరికి అన్నవాహిక పైభాగంలో సన్నని పొర ఏర్పడి మింగడం కష్టమవుతుంది. అది క్యాన్సరుగా మారే ప్రమాదం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చిన ఇనుము బిళ్ళలు డబ్బాలో దాచి మర్చిపోయేవాళ్ళు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఇక పెద్దమ్మ సంగతికొస్తాను. పెదనాన్నకు ముందు కరెంటు పెట్టారు, మందు సెలైన్లు ఎక్కించారు, ఆ తర్వాత ఆపరేషన్. జబ్బు ఉన్న గొట్టం తీసేసి, కడుపునే సన్నగా చేసి పైకి లాగి కుట్టారు. డాక్టర్లు చేయాల్సింది చేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం. మెత్తటి ఆహారం, కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు అని దానర్థం. పెద్దమ్మకు అర్థం కాలేదు. మెత్తటిదంటే ఎంత మెత్తన? కొద్దిగా అంటే గరిటెడా, గుప్పెడా?

ఆవిడకు చెప్పింది ఆ ఆసుపత్రి వరండాలో పక్క చాప మీద పడుకున్న మాచర్ల ఆడమనిషి. ఆవిడ భర్తకు అంతకు ఏడాది ముందే అదే ఆపరేషన్ అయింది. "అన్నం పెట్టేటప్పుడు పక్కన నీళ్ళు పెట్టబాక అక్కా. తినడం వేరే, తాగడం వేరే. మద్దెన అరగంటన్నా ఉండాల. తీపి పెడితే గుండె దడదడ కొట్టుకుని చెమటలు పోస్తయ్, భయపడబాక, పడుకోబెట్టు. రాత్రిళ్ళు మాత్రం ఎల్లకిల పడుకోనీకు. మంచం తలకాడ కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టు" అన్నదట. ఆ ఇటుకలు పెదనాన్న పోయేదాకా, అంటే 2016 దాకా, ఆ మంచం కిందే ఉన్నాయి.

రోజుకు ఏడుసార్లు పెట్టేది పెద్దమ్మ. గోంగూర ఈనెలు తీసి, ములక్కాడ గుజ్జు మాత్రమే గీకి, ఇడ్లీని పాలల్లో నానబెట్టి. ఆయన ప్రాణం నిలిచింది. కానీ పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోతున్నా ఈయన నాలుగో ముద్ద దగ్గరే ఉండేవాడు. ఒకసారి దగ్గొచ్చి లేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇక వెళ్ళలేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన నేల ఇది. కారంపూడి వీరారాధనోత్సవాల్లో దాన్ని ఇప్పటికీ తలుచుకుంటాం. ముద్ద మింగలేని మనిషికి మాత్రం ఆ బంతిలో చోటెక్కడో మనం ఆలోచించలేదు.

పెదనాన్న పోయాక పెద్దమ్మ నరసరావుపేటలో కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఎట్లా తెలిసిందో, ఆవిడ్ని వెతుక్కుంటూ మనుషులు రావడం మొదలుపెట్టారు. వినుకొండ నుంచి, సత్తెనపల్లి నుంచి, మాచర్ల నుంచి. "అమ్మా, మా నాయనకి గొట్టం ఏశారు, ఏం పెట్టమంటావు?" అని. ఆవిడ దగ్గర బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు. ఒక ఫోను, ఒక మిక్సీ, ఒక జల్లెడ, నాలుగు సిరంజిలు ఉన్నాయి. జల్లెడ పట్టి చూపిస్తుంది. గొట్టంలోకి ఏదైనా పోశాక మంచినీళ్ళు ఎట్లా పంపాలో చూపిస్తుంది.

ఇందులో ఆవిడ తప్పూ ఒకటుంది, దాన్ని దాచదు. ఒకసారి పొట్ట పక్కన గొట్టం ఉన్న మనిషికి బలం వస్తుందని రాగిజావ చిక్కగా పెట్టమంది. గొట్టం పూడుకుపోయి, వాళ్ళు అర్ధరాత్రి గుంటూరు పరుగెత్తారు. అప్పటి నుంచి డాక్టరు కాగితం చూడకుండా ఏమీ చెప్పదు. "తగ్గిపోతుంది" అన్న మాట మాత్రం మొదట్నుంచీ ఎవరికీ చెప్పలేదు. పసరు మందు పోస్తామని వచ్చేవాళ్ళ గురించి అడిగితే మాత్రం గట్టిగానే చెబుతుంది.

పిడుగురాళ్ళలో ఒక ఇంటికి వెళ్ళొచ్చి ఆవిడ చెప్పింది నన్ను ఇంకా వదల్లేదు. అక్కడ జబ్బు ఇల్లాలిదే. నలభై అయిదేళ్ళుంటాయి, సున్నం బట్టీలో పనిచేసేది. ముక్కుకు గొట్టం. ఆ గొట్టంతోనే పొయ్యి ముందు నిలబడి నలుగురికి పప్పూ వేపుడూ చేస్తోంది. తాలింపు ఘాటుకు దగ్గొస్తే గొట్టం ఊడకుండా చేత్తో పట్టుకుంటోంది. అందరికీ పెట్టి, పెరట్లోకి వెళ్ళి, పిల్లలు చూడకుండా తన పాలు తనే సిరంజితో పోసుకుంటోంది. గ్లాసు, కంచం విడిగా పెట్టింది కూడా తనే. ఇది అంటుకునే జబ్బు కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మగవాడికి జబ్బు చేస్తే ఇంట్లో ఆడది నర్సవుతుంది. ఆడదానికి జబ్బు చేస్తే? పెద్దమ్మ ఆ భర్త చేతికి సిరంజి ఇచ్చింది. "నువ్వు పట్టుకో నాయనా, నేను చెబుతా" అంది. అతను సిగ్గుపడ్డాడు, చేతులు వణికాయి, రెండో రోజు పట్టుకున్నాడు. ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఆ కొన్ని నెలలూ పెరట్లోకి వెళ్ళే అవసరం మాత్రం రాలేదు.

పెద్దమ్మ ఒక్కతీ చేస్తున్న ఈ పని కోసం ఇంగ్లండులో ఒక సంస్థే ఉంది. అన్నవాహిక ఆపరేషన్ అయి బతికి బయటపడ్డ కొద్దిమంది రోగులు కలిసి 1985లో దాన్ని మొదలుపెట్టారు. అన్నవాహిక రోగుల సంఘమని దాని పేరు. ఫోను చేస్తే ఎత్తేది ఆ దారిన నడిచొచ్చిన మనిషే. ఏం తినాలో, ఎట్లా పడుకోవాలో చిన్న చిన్న పుస్తకాలు వేశారు. డాక్టరు చేయగల పని డాక్టరుకు వదిలి, మిగతాది పట్టుకున్నారు.

మనకు దగ్గర్లోనూ ఉదాహరణలున్నాయి. కాలికట్‌లో 1993లో కొందరు డాక్టర్లు, మామూలు మనుషులు కలిసి నొప్పి తగ్గించే సేవ మొదలుపెట్టారు. అది మలప్పురం జిల్లాలో వీధివీధికీ పాకింది. తర్ఫీదు పొందిన ఇరుగుపొరుగువాళ్ళే రోగుల ఇళ్ళకు వెళతారు. 2008లో కేరళ ప్రభుత్వం దానికి ఒక విధానమే ప్రకటించింది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉపశమన వైద్యం ఉంది. 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చేర్చుకుంటోంది. కానీ మాచర్ల మనిషికి హైదరాబాదు ఎంత దూరం?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు మారుతూ వచ్చినా, పేదవాడికి ఆపరేషనూ కరెంటూ అందేట్టు చేసింది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం కూడా ఉంది. కానీ వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగైదు వారాలు కరెంటు పెట్టించుకోవడానికి వెళ్ళే మనిషి ఎక్కడ పడుకుంటాడు, తోడెళ్ళిన భార్య కూలి ఎవరిస్తారు, ఇంటికొచ్చాక కంచంలో ఏం పెట్టాలి అన్నవి ఏ పథకంలోనూ పట్టవు. అక్కడే సాయం చేసే సంఘం కావాలి.

2022 నుంచి నరసరావుపేట జిల్లా కేంద్రం. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో నెలకు ఒక రోజు ఒక గది ఇస్తే చాలు. ఒక డాక్టరు, ఆహారం సంగతి తెలిసిన ఒకరు, ఈ జబ్బు ఇంట్లో చూసిన ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు. తెలుగులో ఒక కాగితం. పొదుపు సంఘాలు నడిపి బ్యాంకులకు లెక్కలు చెప్పిన ఆడవాళ్ళకు ఇది చేతకాని పనంటే నేను ఒప్పుకోను. పెద్దమ్మకు ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. ఆవిడకు తెలిసింది మరో నలుగురికి చేరాలి, అదీ డాక్టరు సరిచూశాక. మీలో ఎవరింట్లోనైనా ఇట్లాంటి అనుభవం ఉంటే ఈ పేజీకి రాయండి. మీ పేరు వద్దంటే వేయం.

మొన్న సంక్రాంతి ముందు నేను వెళ్ళినప్పుడు ఫోను మోగింది. మాచర్ల నుంచి ఎవరో కోడలు పిల్ల. మామగారు అరిసె తింటానని మారాం చేస్తున్నాడట, పెట్టొచ్చా అని. పెద్దమ్మ చేతిలో పిండి జల్లెడ పక్కన పెట్టి, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. ఫోనులో మాట్లాడటానికి కళ్ళజోడెందుకో నాకు తెలీదు.

"అరిసె సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఇది చెప్పమ్మా. ఆయనకి ఆపరేషన్ అయిందా, స్టెంటు ఏశారా?"