అనుభవానికీ చోటు కావాలి

దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన కథ అప్పట్లో అక్షరాస్యతా వాచకంలో పాఠమైంది. ఆ పాఠం నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎందరినో కదిలించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒకరి అనుభవం మరొకరికి ఆయుధం కావటమంటే ఇదే.

ఇవాళ అంగన్‌వాడీ కార్యకర్తల చేతిలో 2021లో కేంద్రం తెచ్చిన పోషణ్ ట్రాకర్ ఉంది. పిల్లల హాజరు, బరువు, ఎత్తు అందులో నింపాలి. అంకెలు పైకి పోతాయి. బరువు పెరగని బిడ్డ ఎలా కోలుకుందో, తల్లినీ అత్తనూ ఏ మాట ఒప్పించిందో మాత్రం ఆత్మకూరు కార్యకర్త నుంచి ఉదయగిరి కార్యకర్తకు చేరదు.

వీళ్ళు అంకెలు మోసే కూలీలు కారు, జ్ఞానం ఉన్న శ్రామికులు. తెలుగులో అనుభవం చెప్పుకునే చోటు, చెప్పినవారికి గుర్తింపు, అందుకు పట్టే సమయానికి వేతనం. ఈ మూడూ మనం అడిగి తీరాలని నేనంటాను.